ఐదో తారీఖుకి ఐదో కీర్తన

2021 ఆగస్టులో మా యూనిట్ మూతపడింది. చీమకుర్తి నుంచి వచ్చే గ్రానైట్ దిమ్మెల్ని పలకలుగా కోసి, పాలిష్ పట్టి పంపే చిన్న ఫ్యాక్టరీ. అందులో 19 ఏళ్లు లెక్కలు రాశాను. రెండు నెలల జీతం బాకీ పెట్టి, గేటుకి తాళం వేసి, ఓనరు ఫోను ఎత్తడం మానేశాడు. నాకప్పటికి 46 ఏళ్లు. ఇంటి లోను ఒకటి, బంగారం మీద తెచ్చింది ఒకటి, ఒక ఫైనాన్సులో తీసుకున్నది ఇంకొకటి. పైన పాప ఇంటర్ ఫీజు. ఆ నెల నుంచి తెల్లవారుజామున మూడున్నరకి టంచనుగా మెలకువ వచ్చేసేది.

లేవగానే చెయ్యి ఫోను మీదికి పోయేది. బ్యాంకు యాప్ తెరిస్తే రాత్రి పదింటికి ఎంతుందో అంతే ఉండేది. రాత్రికి రాత్రి పెరగదని లెక్కలు రాసేవాడికి వేరే చెప్పాలా? అయినా చూసేవాణ్ణి. తర్వాత వాట్సాప్. అందులో అప్పటికే నాలుగైదు ‘నేటి వాగ్దానం’ కార్డులు వచ్చి ఉండేవి. సూర్యోదయం బొమ్మ, ఒక పావురం, మీద బంగారు రంగు అక్షరాల్లో ఒక వచనం. వాటి కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేసి, పక్కకి తిరిగి, కళ్లు తెరుచుకునే ఐదున్నర దాకా పడుకునేవాణ్ణి.

ఒకరోజు మా ఆవిడ చీకట్లోనే అంది: “ఎటూ లేచే ఉంటున్నారుగా. ఆ ఫోను చూసే బదులు బైబిలు చూడకూడదా?” భక్తితో చెప్పిన మాటేమీ కాదది. నా ఫోను వెలుగు ఆమె కంట్లో పడుతోంది, అంతే.

మాకు వేకువ ప్రార్థన కొత్త కాదు. మాది ఒంగోలు, బాప్టిస్టు కుటుంబం. అమ్మ పొగాకు గ్రేడింగుకి వెళ్లేది. ఐదింటికి నన్ను లేపి, చాప మీద కూర్చోబెట్టి, బైబిలు ఒళ్లో పెట్టేది. ఆమెకు చదువు రాదు. నేను చదవాలి, ఆమె వినాలి. చదువు రాని మనిషి కదా, ఏం చదివినా చెల్లిపోతుందనుకున్నాను మొదట్లో. ఒకనాడు 121వ కీర్తన చదువుతూ మూడో వచనం నుంచి ఐదో వచనానికి దూకాను. కావాలని దూకలేదు. మూడో వచనం చివరా ‘కునుకడు’ అనే ఉంటుంది, నాలుగో వచనంలోనూ అదే మాట వస్తుంది, నిద్రకళ్లకు రెండూ ఒకటే అయిపోయాయి. అమ్మ కళ్లు తెరవకుండానే అడిగింది: “‘ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు’ ఏదిరా నాయనా? మింగేశావా?”

విని విని ఆమెకు సగం కీర్తనలు నోటికి వచ్చేశాయి. వేళ్లకు ఎప్పుడూ పొగాకు మరకే. ఆ వాసన మా బైబిలు అట్టకు కూడా పట్టింది. పదో తరగతి తర్వాత నేను హాస్టలుకి పోయాను, వేకువ చదువు అక్కడితో సరి. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు ఆదివారం మందిరానికి వెళ్లాను, కానుక వేశాను, సంఘం లెక్కలు కూడా రాసిపెట్టాను. పొద్దున్నే లేచి వాక్యం తెరిచింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమ్మ 2014లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ బైబిలు బీరువాలో పెళ్లి ఆల్బమ్ కింద ఉంది.

మా ఆవిడ ఆ మాట అన్న రోజున దాన్ని బయటికి తీశాను. తీశాను గానీ, మొదటి నాలుగు నెలలూ తెరిచిన చోటల్లా తెరిచి చదివాను. వేలు ఎక్కడ పడితే అక్కడ. ఒకరోజు ధైర్యం వచ్చేది, ఇంకోరోజు ఎదోమీయుల వంశావళి వచ్చేది. వంశావళి వచ్చిన రోజు ‘ఇది నాక్కాదులే’ అని మళ్లీ వేలు పెట్టేవాణ్ణి. అది చదవడం కాదు, జాతకం చూసుకోవడం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం నాకు కావాల్సింది ఒకటే, ఫలానా తారీఖుకల్లా ఉద్యోగం వస్తుందని ఎవరైనా రాసివ్వాలి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా సంఘంలో వాగ్దాన కార్డులు పళ్లెంలో పెట్టి తిప్పుతారు. తెలుగు సంఘాల్లో చాలా చోట్ల ఉన్న అలవాటే. నా చేతికి యిర్మీయా 29:11 వచ్చింది. “నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును” అని మొదలయ్యే వచనం. హానికరమైనవి కావు, సమాధానకరమైనవే అంటాడు దేవుడు. చదవగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను, ఏప్రిల్ కల్లా ఏదో ఒకటి కుదురుతుందని. తెల్లారాక అధ్యాయం మొత్తం చదివాను. అది బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. నా కార్డు మీద ఉన్న వచనానికి సరిగ్గా ముందు వచనంలో 70 ఏళ్లు అని ఉంది. ఇంకొంచెం పైన, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది. అంటే ఇప్పుడప్పుడే ఇంటికి రారు, అక్కడే బతకడం నేర్చుకోండి అని. కార్డు మీద 70 ఏళ్ల సంగతి వెయ్యరు. వేస్తే ఎవరు తీసుకుంటారు?

నిజానికి ఆ 70 ఏళ్ల మాట నాకు కార్డు కంటే ఎక్కువ పనికొచ్చింది. ఏప్రిల్ కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం మానేశాను.

జనవరి 1 తెల్లవారుజామున సంఘంలో కొందరం కలిసి ఊళ్లోని ప్రార్థన కొండ ఎక్కాం. ఒంగోలు క్రైస్తవులకు దాని కథ తెలుసు. 1854 జనవరి 1న, ఇంకా పొద్దు పొడవకముందే, నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వాళ్లతో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ మీద నిలబడి ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. మా చిన్నప్పుడు ఈ కథ చెప్పినప్పుడల్లా దాని వెనకే రెండో భాగం చెప్పేవాళ్లు: 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. రెండు తారీఖులూ పక్కపక్కన పెడితే, పొద్దున అడిగారు, సాయంత్రానికి వచ్చేసింది అన్నట్టు ఉంటుంది. ఆ రోజు కొండ మీద చలికి చెవులకు మఫ్లర్ చుట్టుకుని నిలబడి నేను మధ్య ఏళ్లు లెక్కపెట్టాను. ఆ బాప్తిస్మాలు జరిపించిన మిషనరీ జాన్ క్లౌ, ఆయన భార్య ఒంగోలు వచ్చి కాపురం పెట్టిందే 1866లో. అంటే ఆ ప్రార్థన తర్వాత పన్నెండేళ్లు. ఆ ఐదుగురూ ఆ పొద్దున ఆమెన్ చెప్పి, కొండ దిగి, మామూలు పనుల్లోకి వెళ్లిపోయి ఉంటారు. ఆ దిగడం గురించి మాకెవరూ చెప్పలేదు.

మేమూ దిగాం. కింద బండి మీద ఇడ్లీ తిని ఇంటికెళ్లాం.

అదే రోజు ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని నిర్ణయం తీసుకున్నాను. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకి మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. నా బుద్ధి నాది కదా, ఒక పొడుగు పుస్తకం తీసి గళ్లు గీశాను: తారీఖు, చదవాల్సింది, చదివింది, బాకీ. ఆ నాలుగో గడి గీయకుండా ఉండాల్సింది.

ఆదికాండం పరుగెత్తింది. నిర్గమకాండం సగం దాకా బాగుంది. తర్వాత లేవీయకాండం. బైబిలు ఏడాదిలో చదవాలనుకున్న వాళ్లలో సగం మంది అక్కడే ఆగిపోతారని మా పాస్టరు గారు నవ్వుతూ అంటుంటారు. నేను దాన్ని పళ్లు బిగించి దాటి, సంఖ్యాకాండంలో పడ్డాను. మొదటి అధ్యాయంలో గోత్రాల వారీగా జనాభా లెక్కలు. తెల్లవారుజామున నాలుగింటికి కాలిక్యులేటర్ తెచ్చుకుని పన్నెండు గోత్రాలూ కూడాను. 6,03,550. సరిగ్గా పుస్తకంలో ఉన్నంతే వచ్చింది. ఎంత సంతోషమేసిందో! మూడో అధ్యాయంలో లేవీయులు, అంటే దేవుని సేవకు వేరుగా ఉంచిన గోత్రం. మూడు వంశాల వాళ్లు 7,500, 8,600, 6,200. మొత్తం 22,300 రావాలి. కింద 22,000 అని ఉంది. 300 తేడా! మూడుసార్లు కూడాను, అదే తేడా. ఆ ఆదివారం పాస్టరు గారిని పట్టుకున్నాను. పూర్వం చేత్తో ప్రతులు రాసేటప్పుడు ఒక అక్షరం జారి ఉండొచ్చని కొందరు పండితులు అంటారని చెప్పి, ఆయన నా మొహంలోకి చూసి అడిగారు: “సరే, ప్రార్థన చేస్తున్నారా మరి?”

చేయడం లేదు. ఆడిట్ చేస్తున్నాను.

ఫిబ్రవరి 20 నాటికి నాలుగో గడిలో 11 రోజుల బాకీ పేరుకుంది. ముప్ఫైకి పైనే అధ్యాయాలు. బయట ఉన్న అప్పులు చాలవన్నట్టు దేవుడి దగ్గర కూడా అప్పు పడ్డాను. ఆ పొడుగు పుస్తకం చూస్తేనే టెన్షన్. దాంతో రెండు వారాలు బైబిలు ముట్టలేదు.

మా సంఘంలో రిటైరైన టీచరమ్మ గారు ఒకామె ఉన్నారు. స్త్రీల సమాజం నడుపుతారు, ఎవరినీ ఊరికే వదలరు. నా సంగతి మా ఆవిడ ద్వారా విని, ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఆపారు. “ఆ పుస్తకం చించెయ్ బాబూ. మన్నా కథ చదివావా? నిన్నటిది దాచుకుంటే ఏమైంది?” అన్నారు. మన్నా అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకు పొద్దున్నే ఆకాశం నుంచి కురిసిన ఆహారం, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. పురుగు పట్టి కంపు కొట్టింది అన్నాను. “నిన్న ఏరుకోనిది ఇవాళ ఏరుకోమని మోషే ఎవరికైనా చెప్పాడా?” అన్నారు. చెప్పలేదు. ఎండ ఎక్కేసరికి అది కరిగిపోయేదని మాత్రం నిర్గమకాండం 16లో ఉంది. ఏరుకోని వాడికి బాకీ ఏమీ రాయలేదు, మర్నాడు పొద్దున మళ్లీ కురిసింది.

ఇది నాకు ఎవరూ చెప్పని సంగతి కాదు. సండే స్కూల్లో ఆ కథకి చాక్‌పీసుతో బొమ్మ కూడా వేశాను. కానీ లెక్కలు రాసేవాడి చెవికి ఆ రోజు వేరేగా వినిపించింది. మేం ఏ ఖాతా తెరిచినా పైన మొదటి వరస ‘ముందటి నిల్వ’. మిగులైనా, తరుగైనా అక్కడ రాయందే ఇవాళ్టి పద్దు మొదలవదు. ఈ ఖాతాలో ఆ వరసే లేదు. పరలోక ప్రార్థనలో “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అని ఊహ తెలిసినప్పటి నుంచి వల్లిస్తున్నాను. నెల జీతం వచ్చినన్నాళ్లూ ఆ ‘నేడు’ అన్న మాట మీద నా నాలుక ఎప్పుడూ ఆగలేదు.

ఆమె ఇంకో చిట్కా చెప్పారు. కీర్తనలు 150 కదా, నెలకి 30 రోజులు. ఇవాళ ఏ తారీఖో ఆ కీర్తన, దానికి 30 కలిపితే వచ్చేది, మళ్లీ 30, అలా రోజుకి ఐదు. తప్పిపోయిన రోజు తప్పిపోయినట్టే. తారీఖు ముందుకెళ్లిపోతుంది కాబట్టి బాకీ పడే వీలే ఉండదు. ఇలా పంచుకోవడం కొత్తదేం కాదని తర్వాత తెలిసింది. ఆంగ్లికన్ సంఘాల ప్రార్థన పుస్తకంలో కూడా 150 కీర్తనల్నీ నెల రోజులకి, ఉదయం కొన్ని, సాయంత్రం కొన్ని సర్దారు. కేథలిక్ మఠాల్లోని బెనెడిక్ట్ సన్యాసులైతే వారంలోనే మొత్తం పాడేవాళ్లు. మనకి ఆ ఓపిక లేదు. ఐదింట్లో కూడా 119వ కీర్తన 176 వచనాలు. 29వ తారీఖున అది వచ్చిందంటే ఆ పూట స్నానం ఉండదు. అందుకని దాన్ని 31 రోజులున్న నెలల్లో 31వ తారీఖుకి తోసేశాం. ఫిబ్రవరిలో ఎలాగూ తప్పించుకుంటాం.

మార్చి 5న మొదలుపెట్టాను. అది నా ఇంటి లోను కంతు కట్టే తారీఖు. 11,400 రూపాయలు కట్ కావాలి, అకౌంటులో తొమ్మిది వేల చిల్లర ఉంది. ఐదో కీర్తన మూడో వచనం దగ్గరికి వచ్చాను: “యెహోవా, ఉదయమున నా కంఠస్వరము నీకు వినబడును ఉదయమున నా ప్రార్థన నీ సన్నిధిని సిద్ధముచేసి కాచి యుందును.” ఈ వచనం నాకు తెలుసనుకున్నాను. ‘కాచి యుందును’ దగ్గర ఆగిపోయాను. పాత అనువాదం తెలుగు కదా, కొన్ని మాటలు నోట్లో తిరుగుతాయి గానీ బుర్రలోకి దిగవు. కాయడమంటే కాపలా కాయడం, ఎదురుచూడటం. ఆఫీసులో అర్జీ ఇచ్చి, గుమస్తా పిలిచేదాకా వరండాలో నిలబడినట్టు. అర్జీ నేను రోజూ ఇస్తున్నాను. ఇచ్చేసి వెంటనే ఫోను దగ్గరికి పరుగెత్తుతున్నాను. వరండాలో నిలబడ్డది ఏనాడు?

ఆ రోజు నుంచి ఫోను వంటింట్లో, మిక్సీ పక్కన పడుకుంటోంది. లేపడానికి పాత గంటల గడియారం ఒకటి రిపేరు చేయించాను. ఇక్కడొక మాట. ఫోన్లోనే బైబిలు చదివే పిల్లల్ని నేను తప్పుపట్టను, మా పాప అలాగే చదువుతుంది. నా వేలు మాత్రం కీర్తనల నుంచి బ్యాంకు యాప్‌కి తనంతట తనే జారిపోతుంది. నా వేలి సంగతి నాకు తెలుసు.

అదే తారీఖున 35వ కీర్తన కూడా వస్తుంది. “యెహోవా, నాతో వ్యాజ్యెమాడువారితో వ్యాజ్యెమాడుము” అని మొదలు. కంతు రోజున అంతకంటే తగిన మాట ఎవరు రాసివ్వగలరు? ఆ నెల కంతు బౌన్సయింది, జరిమానా పడింది. ప్రార్థన చేశాను కదా అని రెండు వేలు ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. ఈ సంగతి దాచిపెట్టి సంఘంలో సాక్ష్యం చెప్పడం నాకు చేతకాదు. మారింది ఇంతే: బౌన్స్ మెసేజ్ వచ్చేసరికి నేను మంచం మీద గోడ వైపు తిరిగి లేను, కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎనిమిదింటికి బ్యాంకుకి ఫోన్ చేసి, తారీఖు మార్చుకునే వీలుందా అని మామూలు గొంతుతో అడగగలిగాను.

నా పద్ధతి పెద్దదేం కాదు. వెనక వసారాలో ప్లాస్టిక్ కుర్చీ, పక్కన స్టూలు, దోమలబత్తి. నాలుగున్నరకి కూర్చుంటాను. ఐదు కీర్తనలూ పైకే చదువుతాను, మరీ పెద్దగా కాదు, నా చెవికి వినపడేంత. పాత తెలుగుని కళ్లతో చదివితే రాయి నమిలినట్టుంటుంది. నోటితో చదివితే దాని లయ అందుతుంది, అందాక అర్థం కూడా వెనకే వస్తుంది. అమ్మ నా చేత ఎందుకు పైకి చదివించిందో ఇప్పుడు తెలిసింది. ఈలోపు అవతల వీధి మసీదులో అజాన్ అవుతుంది, కాసేపటికి గుళ్లో మైకు మొదలవుతుంది. మొదట్లో ఏకాగ్రత పోతోందని విసుక్కునేవాణ్ణి. ఊళ్లో మేలుకున్నది నేనొక్కణ్ణే కాదనిపించి తర్వాత అదీ అలవాటైంది.

చదివాక ఆ రోజుకి ఒక్క వచనం పాత బిల్లు వెనక రాసి జేబులో వేసుకుంటాను. ప్రార్థన పదే నిమిషాలు. మొదట కృతజ్ఞత, అది లేకపోతే నా ప్రార్థన మొత్తం ఫిర్యాదుల పెట్టె అయిపోతుంది. తర్వాత నలుగురి పేర్లు. ఆఖరున నా అర్జీ. ఆపైన ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను, వరండాలో నిలబడ్డట్టు. ఆ ఐదు నిమిషాలే కష్టం. పాలవాడి బెల్లు కోసం చెవులు రిక్కించి కూర్చున్న రోజులే ఎక్కువ.

కొన్ని తారీఖులు నాకు బాగా పరిచయం అయిపోయాయి. ఏడో తారీఖున 37, 127 రెండూ వస్తాయి. 37లో దావీదు రాజు అంటాడు, నేను చిన్నవాణ్ణిగా ఉన్నాను, ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను, నీతిమంతుల సంతానం భిక్షమెత్తడం నేను చూడలేదని. నేను చూశాను ప్రభువా, అని ఆ వచనం దగ్గర ప్రతి నెలా చెబుతాను. లాక్‌డౌన్‌లో చూశాను. జవాబు రాలేదు గానీ, చెప్పినందుకు పిడుగూ పడలేదు. ఇక 127 మరీ తమాషా. వేకువనే లేచి, చాలా రాత్రయ్యాక పడుకుని, కష్టార్జితమైన ఆహారం తినడం వ్యర్థమే, తన ప్రియులు నిద్రిస్తుండగా ఆయన వారికిచ్చుచున్నాడు అంటుంది. నాలుగున్నరకి లేచి కూర్చుని ఈ మాట చదివేవాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి! మూడింటికే లేస్తామని, నాలుగు గంటలు మోకాళ్ల మీద ఉంటామని చెప్పుకునే వాళ్లెవరూ ఈ వచనం మీద ప్రసంగం చేయగా నేను వినలేదు.

నిద్ర సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మే నెల దాకా నా మూడున్నర మెలకువ పోలేదు. గుండె దడ కూడా తోడైంది. డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఏదో విశ్వాసం తక్కువైనట్టు సిగ్గుపడ్డాను. పాస్టరు గారే అన్నారు, ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని చావే మేలన్నప్పుడు దేవదూత ప్రసంగం చేశాడా, రొట్టె పెట్టాడా అని. 1 రాజులు 19 తీసి చూశాను. రొట్టె, నీళ్లు, నిద్ర. లేపి మళ్లీ రొట్టె, నీళ్లు. దేవుని మాట వినిపించింది ఆ తర్వాత, నలభై రోజుల నడక అయ్యాక. వెళ్లి చూపించుకున్నాను. బీపీ ఉంది. మాత్ర వేసుకుంటున్నాను. ఇప్పుడు గడియారం మోగితే గానీ లేవడం లేదు, మోగినా లేవని రోజులున్నాయి.

ఇంక 28వ తారీఖు. 28, 58, 88, 118, 148. నెలాఖరు, చేతిలో డబ్బు ఉండదు, ఫైనాన్సు వాళ్ల ఫోన్లు మొదలయ్యే రోజులు. ఆ కలెక్షన్ కుర్రాడు మా ఆవిడకి కూడా ఫోన్ చేసి అనరాని మాటలన్నాడు. మొదటిసారి 28న 58వ కీర్తన చదువుతూ, “దేవా, వారి నోటి పండ్లను విరుగగొట్టుము” అన్న చోట ఉలిక్కిపడ్డాను. బైబిల్లో ఇదుందా! ఎన్ని వందల వాగ్దాన కార్డులు చూశాను, ఒక్క పావురం కింద కూడా ఈ వచనం చూడలేదు. తప్పో ఒప్పో గానీ, ఆ రోజు దాన్ని రెండుసార్లు చదివాను. చదివాక నాలోని కసి కొంత ఖర్చయిపోయింది. ఆ కుర్రాడికీ టార్గెట్లు ఉంటాయి, వాడికీ ఒక 28వ తారీఖు ఉంటుంది అనుకోగలిగాను, మధ్యాహ్నానికి.

దాని వెనకే 88. కీర్తనలన్నింటిలోకి చీకటిది. చాలా కీర్తనలు ఏడుస్తూ మొదలై స్తుతితో ముగుస్తాయి. ఇది ముగియదు. “చీకటియే నాకు బంధువర్గమాయెను” అని ఆగిపోతుంది. ఆదరణ కోసం పొద్దున్నే లేచేవాడికి ఇదేం ఆదరణ అని మొదటి నెల విసుక్కున్నాను. మూడో నెలలోనో నాలుగో నెలలోనో పదమూడో వచనం కంటపడింది: “ఉదయమున నా ప్రార్థన నిన్ను ఎదుర్కొనును.” జవాబు రావడం లేదు, స్నేహితులు లేరు, అయినా పొద్దున్నే వస్తున్నాడు ఆ మనిషి. దేవుడికి ఎదురెళ్లి నిలబడుతున్నాడు. ఆ మాట బిల్లు వెనక రాసుకున్న రోజున నాకు ఎవరో పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నట్టయింది. పేజీలు తిప్పితే 118: “ఇది యెహోవా ఏర్పాటు చేసిన దినము.” అదే పొద్దున, అదే కుర్చీలో. 88ని దాటేసి నేరుగా 118 చదివిన రోజుల్లో ఆ మాట నాకు కేలండర్ వాక్యంలా ఉండేది.

ఇప్పుడు నాలుగు షాపులకి లెక్కలు రాస్తున్నాను, జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను. పాత జీతంలో ముప్పాతిక వస్తోంది. బంగారం విడిపించాం, ఇంటి లోను నడుస్తోంది. రిటర్నులకు ఆఖరు తారీఖు 20. ఆ రోజు పోర్టల్ తిరుగుతూ తిరుగుతూ ఉంటే, పొద్దున చదివిన 20వ కీర్తన మొదటి మాట గుర్తొస్తుంది: “ఆపత్కాలమందు యెహోవా నీకుత్తరమిచ్చును గాక.” దేవుడిస్తాడు, సర్వరు ఇవ్వదు.

మా యూనిట్లో బిల్లింగ్ చూసిన తమ్ముడొకడున్నాడు. రామభక్తుడు, శనివారం ఆంజనేయస్వామి గుడి తప్పడు. అతనికీ అదే ఫైనాన్సులో లోను, అతనికీ అదే కుర్రాడి ఫోన్లు. ఓసారి టీ కొట్టు దగ్గర ఏడుపొక్కటే తక్కువగా ఉంటే, 58వ కీర్తన సంగతి చెప్పాను. నమ్మలేదు. మర్నాడు బైబిలు తెచ్చి చూపించాను. చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆర్నెల్ల తర్వాత అతను నవ్వడం అదే చూశాను.

మొన్న 28న నేను ఇంకా కుర్చీలో ఉండగానే వంటింట్లో ఫోను మోగింది. ఐదున్నరకి ఎవరా అని కంగారుపడి ఎత్తాను.

“అన్నా, ఇవాళ పళ్ల కీర్తన కదా. అయిపోయిందా?”

“ఇప్పుడే అయింది.”

“అయ్యో. నా పేరు మీద ఇంకోసారి చదువన్నా. నిన్న మళ్లీ చేశాడు.”